గుంట మగ్గంలో గాలిగోపురం

మంగళగిరిలో కొండను పక్కన పెడితే ఎత్తయినవి రెండే. ఒకటి గుడి ముందున్న గాలిగోపురం. రెండోది నేతగాళ్ళ వీధిలో నాంచారయ్య కొడుకు పానకాలు. ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి, దానికి తగ్గ ఒళ్ళు. వీధిలో వాళ్ళకు అతని పేరు గాలిగోపురమే. "గాలిగోపురం సందు మొదట్లో టీ తాగుతున్నాడు, ఆటో అటు పోదు" అని ఎవరైనా అంటే వినేవాళ్ళు నవ్వరు. ఆటో వెనక్కి తిప్పుకుంటారు.

గుమ్మాలకు తల వంచీ వంచీ, పైన ఆకాశం తప్ప ఏమీ లేని చోట కూడా కాస్త వంచే నడవడం అతనికి అలవాటైంది. విజయవాడ బస్సెక్కితే కండక్టరు తనంతట తానే "వెనక నడిమి సీట్లోకి పోండి, కాళ్ళు దారిలో చాపుకోవచ్చు" అంటాడు. ఆ సీట్లో ఎవరున్నా లేచి పక్కకు జరుగుతారు. అలా జరిగినందుకు పానకాలు ప్రతిసారీ నొచ్చుకుంటాడు. ఆ ఒళ్ళున్న మనిషి నొచ్చుకోవడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది.

తల్లి రావమ్మ పానకాలస్వామికి మొక్కుకుంటే పుట్టాడు. ఆస్పత్రిలో బిడ్డను చేతికిస్తూ నర్సు, "ఇదేందమ్మా, ఈణ్ణి బారసాల కూడా చేయకుండా నేరుగా బళ్ళో వేయొచ్చు" అన్నదట. పదమూడో ఏటికే తండ్రిని దాటిపోయాడు. వేరే ఇళ్ళల్లో పెద్దల చొక్కాలు పొట్టివైతే పిల్లలకు వస్తాయి. ఆ ఇంట్లో కొడుక్కి పొట్టివైన చొక్కాలు తండ్రి తొడుక్కున్నాడు. నాంచారయ్య బక్కపలచని మనిషి. కొడుకు పాత చొక్కాలో అతను అద్దె ఇంట్లో ఉన్నట్టు ఉండేవాడు.

ఆ ఇంట్లో మగ్గం గుంట మగ్గం. నేలలో గుంట తవ్వి, అందులోకి కాళ్ళు దింపి, గట్టు మీద కూర్చుని నేస్తారు. కాళ్ళ కింద తొక్కుడు చెక్కలుంటాయి. పదహారేళ్ళ పానకాలు మొదటిసారి అందులో కూర్చున్న రోజు మోకాళ్ళు పైకి లేచి నేతకు అడ్డం వచ్చాయి. నాంచారయ్య గుంట లోతు చేశాడు. మళ్ళీ చాలలేదు. మళ్ళీ చేశాడు.

"ఇంకో జానెడు తవ్వితే నీళ్ళు పడతయ్ రా," అన్నాడు మట్టి చేతులు దులుపుకుంటూ. "ఇక మగ్గమెందుకు, మోటారు బిగించుకుందాం."

ఎలాగో కాళ్ళు పట్టాయి. కాళ్ళ తర్వాత చేతుల వంతు వచ్చింది. అడ్డం దారం, అంటే పేక, నాడెతో పాటు ఈ అంచునుంచి ఆ అంచుకు పోయాక, దాన్ని అంతకుముందు దారానికి ఆనించడానికి దువ్వెనలాంటి అచ్చు బిగించిన పలకతో ఒక దెబ్బ వేయాలి. నాంచారయ్య దెబ్బ తలుపు దగ్గరకు వేసినట్టు ఉంటుంది. పానకాలు దెబ్బ తలుపు పగలగొట్టినట్టు ఉండేది. సాయంత్రానికి నేసిన జానెడు గుడ్డను తండ్రి రెండు వేళ్ళతో పట్టుకు చూశాడు.

"చీర నేయమంటే గోనె నేశావు. ఇది కట్టిన ఆడమనిషి కూర్చోలేదురా. గోడకి ఆనించి పెట్టాలి."

రావమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. పానకాలు కూడా నవ్వాడు. కానీ మర్నాడు తండ్రి అతన్ని మగ్గం ఎక్కనివ్వలేదు. ఆ మర్నాడు కూడా.

ఒళ్ళు మాత్రం ఊరుకోదు కదా. వీధి దాన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. మురుక్కాలవలో దిగబడిన ఆటోను వెనక భాగం పట్టి పైకెత్తి పెట్టాడు. పక్కింటి శౌరమ్మ ఇడ్లీ బండి నడుపుతుంది. ఆమె గ్రైండరును పొద్దున బయట పెట్టడం, చీకటి పడకముందే లోపల పెట్టడం అతని పనైంది. కొన్నాళ్ళకు ఆ వీధిలో బీరువా జరపాలన్నా, నీళ్ళ ట్యాంకు మేడ మీదకు ఎక్కించాలన్నా ఇద్దరు మనుషుల్ని పిలిచే అలవాటే పోయింది.

అతని పేరు ఊరు దాటింది మాత్రం పామర్రు దగ్గరి ఒక తిరునాళ్ళలో. అక్కడ గుడి వెనక పెద్ద రాతిగుండు ఉంది. ఏటా కుర్రాళ్ళు దాన్ని మోకాలిదాకా లేపి వదిలేస్తారు. పానకాలు చుట్టాలింటికి వెళ్ళి, జనాన్ని చూసి ఆగాడు. ఎవరో రెచ్చగొట్టారు. అతను గుండును పొట్టకు హత్తుకుని, కాసేపు అలాగే ఉండి, భుజం మీదికి ఎత్తుకుని చుట్టూ చూశాడు.

"ఎక్కడ పెట్టమంటారండీ?"

తీసి వేరే చోట పెట్టాలేమో అనుకున్నాడతను. తిరునాళ్ళంతా విరగబడి నవ్వింది. ఆ నవ్విన వాళ్ళలో సంజీవరావు ఒకడు. రైతు కుటుంబం, పామర్రులో ఎరువుల కొట్టు. ఊళ్ళల్లో బల ప్రదర్శనలు పెట్టించడం ఆయనకు సరదా. ఆ రోజునుంచి పానకాలును కారులో తిప్పాడు. గుండు ఎత్తడం, బండి ఇరుసు ఎత్తడం, నడుముకు తాడు కట్టుకుని లారీ లాగడం. ఫోన్లలో వీడియోలు తిరిగాయి. కృష్ణా జిల్లాలో ఏ ఊరెళ్ళినా పిల్లలు వెంటపడేవాళ్ళు.

అందరికంటే సంబరపడింది నాంచారయ్య. టీకొట్టు దగ్గర బల్లమీద కాలు మీద కాలేసుకుని, "మావాడు నిన్న గుడివాడలో లారీ లాగాడు. లోడు లారీ" అనేవాడు. అది ఖాళీ లారీ అని పానకాలు ఇంట్లో ఎన్నిసార్లు చెప్పినా ఆ లోడు దిగలేదు.

పానకాలుకు ఆ చప్పట్లు చేదేమీ కాదు. కానీ ఊరినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని మొదట వెళ్ళేది మగ్గం గది గుమ్మం దగ్గరికే. గుండు ఎత్తి దింపితే గుండు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇక్కడ తను వెళ్ళేటప్పుడు మూరెడున్న చీర వచ్చేసరికి నాలుగు మూరలయ్యేది. ఆ తేడా అతనికి బాగా నచ్చేది.

ఆ మగ్గం మీద నాంచారయ్య, రావమ్మ కలిసి నేసేది ఒక తరహా చీర. ఒళ్ళు ఒక రంగు, రెండంచులూ మరో రంగు. అంచు పేక ఒంట్లోకి రాకూడదు, ఒంటి పేక అంచులోకి పోకూడదు. రెండూ కలిసేచోట ఒకదాని దారం ఒకటి మెలివేసుకుని వెనక్కి తిరగాలి. అందుకు మూడు నాడెలు కావాలి. కుడి అంచు, ఒళ్ళు నాంచారయ్య చూసుకునేవాడు. ఎడమ అంచు అతని చేతికి అందదు. అక్కడ చిన్న పీట వేసుకుని రావమ్మ కూర్చునేది. ముప్పై ఏళ్ళు ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఆ మూడు నాడెలూ తిరిగాయి. మాట్లాడుకుంటే పోట్లాటే కాబట్టి అదే మంచిదని రావమ్మ అనేది.

పానకాలుకు రామతులసితో పెళ్ళయింది. చీరాల వైపు నేత కుటుంబం. వాళ్ళమ్మ పక్కన పీట మీద కూర్చుని ఎనిమిదో ఏటనుంచే ఎడమ నాడె పట్టిన పిల్ల. పెళ్ళిలో ఆమె చెయ్యి పట్టుకుని ఏడడుగులు వేస్తుంటే పానకాలు అరచేయి ఆమె పట్టుచీరకు తగిలి, జరీ పోగు ఒకటి పైకి లేచింది. తాళ్ళూ రాళ్ళూ పట్టిన చేతులు మరి. అందరూ పైకి చూస్తూ అతని ఎత్తు గురించి మాట్లాడుకుంటుంటే, ఆమె వంగి ఆ పోగు చూసుకుంది.

"నేతోళ్ళ అబ్బాయన్నారు," అంది నెమ్మదిగా. "ఇవి నేతోళ్ళ చేతులు కావండీ."

ఆ మాట అతనికి గుచ్చుకోలేదు. తనకు తెలిసినదే ఇంకొకరికీ తెలిసిందని తేలికపడ్డాడు.

కిందటేడు రావమ్మ పోయింది. ఎడమ పీట ఖాళీ అయ్యేసరికి మగ్గం ఆగింది. కోడల్ని కూర్చోమనొచ్చు గానీ రామతులసి పగలంతా కుట్టుపని కేంద్రంలో ఉంటుంది, ఇల్లు గడిచే జీతం అది. ప్రదర్శనల రాబడి కాలానికి ఒకసారి వచ్చేది. నాంచారయ్య ఆరు నెలలు మగ్గం మీద దుమ్ము దులిపాడు. ఒకరోజు దులపడం మానేసి ట్రాక్టరు ఇసుక తెప్పించి ఇంటి ముందు పోయించాడు.

"గుంట పూడ్చేద్దాం," అన్నాడు. "పైన టైల్సు వేయిస్తే గది అద్దెకన్నా పోద్ది. ఒరే, ఆ ఇసుక మోసి లోపల పోయ్. నీకు అరపూట పని."

పానకాలు ఇసుక కుప్పను చూశాడు. నిజమే, అరపూట పని. ఇన్నేళ్ళలో తన బలంతో చేయనని చెప్పిన పని ఒక్కటీ లేదు. ఈ ఒక్కదానికి చేతులు లేవలేదు.

"నేను నేస్తా నాన్నా."

నాంచారయ్య చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ?"

"ఒక్క పడుగు ఇవ్వు. నేస్తా."

"గోనెలు నేసి ఎవరికమ్ముతావ్? బియ్యం మిల్లుకా?"

"ఇట్టా చూడు," అని పానకాలు మగ్గం ముందు కూర్చుని రెండు చేతులూ చాపాడు. ఒళ్ళు వంచకుండానే కుడిచెయ్యి కుడి అంచు దాటింది, ఎడమచెయ్యి ఎడమ అంచు దాటింది.

నాంచారయ్య అది చూడటానికి ఒప్పుకోలేదు, మొహం తిప్పుకున్నాడు. కానీ రామతులసి చూసింది. చూసి, "మావయ్యా, ఒక్క పడుగే గదా," అంది.

చాలాసేపు గొణిగి నాంచారయ్య షరతు పెట్టాడు. "పడుగులో నాలుగు చీరలుంటయ్. అందులో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నేనూ మీ అమ్మా నేసిన చీర పక్కన పెడితే తేడా తెలియకూడదు. తేడా తెలిసిందో, నువ్వే ఇసుక మోసి గుంట పూడుస్తావ్. మళ్ళీ మగ్గం మాట ఎత్తకూడదు. అప్పటిదాకా నేనా గదిలోకి రాను."

"సరే."

"సరే అంటే ఇసుక మోస్తానని సరేనా, నేస్తానని సరేనా?"

"రెంటికీ నాన్నా."

మగ్గానికి పడుగు, అంటే నిలువు పోగులు, తొడిగే ముందు రామతులసి మొగుడి చేతులు పట్టింది. పొద్దున్నే అరుగు మీద కూర్చోబెట్టి, వేణ్ణీళ్ళలో నానబెట్టి, మడమలు రుద్దుకునే రాయితో అరచేతులు రుద్దేది. కాయలు కాసిన తోలు పొట్టుపొట్టుగా రాలేది.

ఇడ్లీ పిండి కలుపుతూ శౌరమ్మ గోడమీంచి తొంగి చూసింది. "ఏందే తులసీ, ఏనుగుని తోముతున్నావా?"

"పడుగు ముట్టుకోవాలి పిన్నీ. ఇట్టాంటి చేతులు తగిల్తే ప్రతి పోగూ లేస్తది."

"మరి నా గ్రైండరు?"

"పడుగు దిగిందాకా ఈయన బరువులెత్తడు. వీధి మొత్తానికి చెప్పు."

శౌరమ్మ చెప్పింది. ఆ సాయంత్రం గ్రైండరు లోపల పెట్టడానికి నలుగురు మగాళ్ళు వచ్చారు. ఎటునుంచి పట్టాలో తేల్చుకోవడానికి టీ తాగారు. పట్టాక ఒకడి కాలి మీద ఇంకొకడు తొక్కాడు. చివరికి లోపల పెట్టి నడుములు పట్టుకుని నిలబడితే, "పొద్దున్నే మళ్ళీ రండి నాయనా, బయట పెట్టాలి" అంది శౌరమ్మ. వీధిలో కొందరికి ఆ రోజే తెలిసింది, పానకాలు ఇన్నాళ్ళూ చేసింది ఉత్తి సరదా పని కాదని.

నేత మొదలైంది. రామతులసి పనికి వెళ్ళే ముందు ఒక గంట, వచ్చాక ఒక గంట పక్కన కూర్చునేది. నాడె ముట్టుకునేది కాదు. చూసేది, చెప్పేది.

"కొట్టకండి."

"కొట్టట్లా."

"కొడుతున్నారు. అది మీ లెక్కలో కొట్టటం కాదు, అంతే. ఇదిగో, పలకను అవతలికి నెట్టండి. ఇక వదిలెయ్యండి. పైనుంచి వేలాడేదేగా, అదే వస్తది. దాని బరువే దానికి చాలు."

"అంతేనా?"

"అంతే. మీరు అడ్డం పోకుండా ఉంటే చాలు."

పానకాలు వదిలి చూశాడు. పలక ఊగి వచ్చి పేకను ఆనించి ఆగింది. మళ్ళీ వదిలాడు. ఇది తనకు తెలిసిన పనే అనిపించింది. జనం అనుకున్నట్టు గుండును చేతులతో ఎత్తరు. పొట్టకు హత్తుకుని, దాని బరువు ఎటు ఒరుగుతుందో తెలిసేదాకా ఆగి, అది ఒరిగిన వైపు మనిషి లేస్తాడు. తొందరపడ్డవాడి నడుము విరుగుతుంది. ఈ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి అతను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే రామతులసి, "మరింకేం, గుండు నేర్చుకున్నారుగా, ఇది చిన్న గుండు" అంది.

మాటలు అంత తేలిగ్గా వచ్చినట్టు నేత రాలేదు. మొదటి చీర సగం బిగువు, సగం వదులు. దానికి తోడు చేతులు ఇంకా గరుగ్గా ఉన్నాయని ఒకరోజు పడుకునేముందు కొబ్బరినూనె పట్టించుకున్నాడు. పొద్దున్నే తుడుచుకున్నాననే అనుకున్నాడు. ఎండ గదిలోకి వచ్చేసరికి గంజి పట్టిన పడుగు మీద ఐదు వేళ్ళ మరకలు, ఒక్కొక్కటి అరటిపండంత, చక్కగా తేలాయి.

రామతులసి వంగి ఆ మరకల్ని ఒక్కొక్కటే చూసింది.

"నేతింట పుట్టి నూనె చేత్తో పడుగు ముట్టుకున్నవాణ్ణి మిమ్మల్నే చూశానండీ."

"తప్పే."

"ఎవరు నేశారో చెప్పటానికి ముద్రేశారు. పోనీండి. ఇది నాకు." సుద్దపొడి చల్లి తీయగలిగినంత తీసింది. ఆ చీర నిజంగానే తను కట్టుకుంది. లోపల లంగా అక్కర్లేదని, వాన పడ్డా లోపలికి దిగదని కుట్టుపని కేంద్రంలో చెప్పుకుని నవ్వించింది.

నాంచారయ్య మాట మీద నిలబడ్డాడు. గదిలోకి రాలేదు. కానీ టీకొట్టుకూ పోలేదు. మగ్గం గది కిటికీ ఎదురుగా ఇసుక కుప్ప మీద కండువా పరుచుకుని కూర్చున్నాడు. "గాలికి కూర్చున్నా" అనేవాడు అడిగినవాళ్ళతో. నలభై ఏళ్ళు నేసినవాడి చెవి గాలికి కూర్చోదు. లోపల దెబ్బ పడగానే బయటనుంచి మాట వచ్చేది.

"అది గోనె."

కాసేపాగి, "అదీ గోనె."

మరి కాసేపటికి ఏమీ వినపడకపోతే పానకాలుకు అర్థమయ్యేది, ఆ దెబ్బ సరిగ్గా పడిందని. తండ్రి ఊరుకున్నంతసేపూ అదే చేయి, అదే ఊపు ఉంచుకోవడం నేర్చుకున్నాడు. రెండో చీరకు ఇసుక కుప్ప మీదినుంచి మాటలు తగ్గాయి. కానీ అంచు, ఒళ్ళు కలిసేచోట మెలి అక్కడక్కడ తప్పి సందులు పడ్డాయి. వెలుతురుకు పట్టి చూస్తే తెలుస్తున్నాయి. ఇంకా రెండు చీరలు మిగిలాయి.

మూడో చీర మూడొంతులు దాటాక సంజీవరావు కారు వీధి మొదట్లో ఆగింది. ఆయన నేరుగా ఇసుక కుప్ప దగ్గరికి వచ్చాడు.

"పెద్దాయనా, మనవాడేడి? పామర్రులో ఈసారి అదరగొడతన్నాం. ఫ్లెక్సీ కూడా కట్టేశాం, సెంటర్లో, కరెంటు స్తంభమంత."

నాంచారయ్య మొహం విప్పారింది. "లోపలున్నాడు. నువ్వే చెప్పు బాబూ. నా మాట వినట్లా."

సంజీవరావు మగ్గం గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయాడు. గాలిగోపురం అంత మనిషి నడుందాకా నేలలో దిగి, కుడినుంచి ఎడమకు, ఎడమనుంచి కుడికి రెండు చేతులూ చాచి పిట్టలు విడిచినట్టు నాడెలు విడుస్తున్నాడు.

"ఏందండీ పానకాలుగారూ, పాతిపెట్టారా మిమ్మల్ని?"

"రండి, కూర్చోండి. ఈ మెలి వేసి మాట్లాడతా."

"ఆదివారం కారు పంపుతా. గుండు ఒక్కటే. లారీ కూడా వద్దు."

"ఈసారి రాలేనండీ."

"అట్టా అంటే ఎట్టా? గుండెత్తటం మీకు ఆవులించటం గదా."

"ఎత్తటానికేం లేదండీ. రాయి పడితే చేతులు మళ్ళీ గట్టిపడతయ్. పడుగు మధ్యలో ఉంది."

కిటికీ అవతలినుంచి నాంచారయ్య గొంతు లేచింది. "చేతులంట. వినండి బాబూ. జిల్లా అంతా భీముడు భీముడంటుంటే ఈడికి దారం పోగు మీద మనసు. ఒరే, నీ పేరు గుండు మీదుందిరా. ఈ గుంటలో ఏముంది?"

పానకాలు పలక వదల్లేదు. అప్పటిదాకా నెమ్మదిగా ఊగుతున్న పలక నాలుగైదు సార్లు గట్టిగానే పడింది. తండ్రి అన్నదాంట్లో అబద్ధం లేదు. పామర్రు సెంటర్లో తన బొమ్మ కరెంటు స్తంభమంత ఉంది. ఇక్కడ మిగిలింది ఒకటింబావు చీర, బయట ఇసుక కుప్ప. ఆదివారం వెళ్ళి గుండు ఎత్తి వస్తే చప్పట్లు ఖాయం, నాన్న టీకొట్టు దగ్గర నెలరోజులు చెప్పుకుంటాడు. ఈ మిగిలినవీ కుదరకపోతే ఇటు చీరా ఉండదు, అటు గుండూ ఉండదు.

"గుండు మీద నా పేరు లేదు నాన్నా," అన్నాడు చివరికి. "నేను దింపగానే అది ఇంకొకడిది. ఈ పడుగు పూర్తి కానియ్యి."

బయట నాంచారయ్య కండువా దులిపి మళ్ళీ ఇసుక మీద పరుచుకున్నాడు.

సంజీవరావు తల గోక్కున్నాడు. "మరి ఫ్లెక్సీ సంగతేంటండీ?"

పనినుంచి అప్పుడే వచ్చిన రామతులసి గుమ్మంలో చెప్పులు విప్పుతూ అంది, "ఈయన్ని చూడ్డానికే గదన్నయ్యగారూ జనం వచ్చేది. కుర్రాళ్ళతో ఎత్తించండి, ఈయన పక్కన కూర్చుని ఎవరు బాగా ఎత్తారో చెబుతారు."

"కూర్చోబెట్టటం తేలికేనమ్మా, ఈయన్ని ఆపే కుర్చీ పామర్రులో యాడ దొరుకుద్ది?" అని సంజీవరావు నవ్వేశాడు. ఒప్పుకున్నట్టో లేదో చెప్పకుండా కాసేపు నాడెలు తిరగడం చూసి, ఇడ్లీ తిని వెళ్ళిపోయాడు. కుర్చీ మాట నిజమే. ఆదివారం వేదిక మీద రెండు బస్తాల ఎరువు పేర్చి, పైన దుప్పటి పరిచి పానకాలును కూర్చోబెట్టారు. గుండు ఎలా హత్తుకోవాలో ఒక కుర్రాడికి దూరంనుంచే చెబితే వాడు భుజం దాకా ఎత్తాడు. వాడికి పడిన చప్పట్లు పానకాలుకు కూడా బాగానే వినిపించాయి.

ఆ వారంలోనే మూడో చీర అయింది. రామతులసి దాన్ని మగ్గం మీదినుంచి కోసి తీసి, మడతపెట్టి, నాలుగోదానికి పడుగు మళ్ళీ కట్టించి, అప్పుడు మామగారిని పిలిచింది. పాత బీరువాలోంచి నాంచారయ్య, రావమ్మ కలిసి నేసిన ఆఖరి చీర తీసి పక్కన పెట్టింది.

నాంచారయ్య కాళ్ళకంటిన ఇసుక దులుపుకుని మూడు నెలల తర్వాత ఆ గదిలోకి వచ్చాడు. పానకాలు గోడవారగా నిలబడ్డాడు. ఎక్కడ నిలబడ్డా తల దూలానికి తగులుతోంది.

ముసలాయన రెండు చీరలూ చాపమీద పరిపించాడు. కళ్ళు మూసుకున్నాడు. ముసలివాళ్ళు జ్వరమొచ్చిన పిల్లవాడి నుదురు చూసినట్టు, వేళ్ళ వెనక వైపుతో ముందు ఒళ్ళు చూశాడు. ఆ చీరది, ఈ చీరది. కుడి అంచు చూశాడు. ఎడమ అంచు దగ్గరికి వచ్చి చెయ్యి ఆపాడు. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదట్నుంచి చూశాడు.

"కొంగు ఇవతల నాలుగైదు పోగుల మేర బిగువు," అన్నాడు.

"అది సంజీవరావుగారు వచ్చినప్పుడు నేసింది," అంది రామతులసి.

"నేను అరిచినప్పుడా?"

"అవును మావయ్యా."

"అయితే అది నా లెక్కలో వేసుకోండి." కళ్ళు తెరవలేదు. "ఎడమ అంచు ఎవరు వేశారు? నువ్వేనా అమ్మాయ్?"

"నేను ముట్టుకోలేదు మావయ్యా."

"నాకు చెవుడు రాలా. మూడు నాడెలూ ఆగకుండా పోయినయ్. అటు ఎవరో కూర్చుంటేగాని పోవు."

"నేనే నాన్నా," అన్నాడు పానకాలు.

"చూపించు."

పానకాలు గుంటలోకి దిగాడు. కుడి నాడె, ఒంటి నాడె, ఎడమ నాడె. చెయ్యి చాచి ఎడమ అంచు దారాన్ని ఒంటి దారంతో మెలివేసి వెనక్కి తిప్పాడు. పలక నెట్టి వదిలాడు. మళ్ళీ మొదట్నుంచి. నాంచారయ్య కళ్ళు తెరిచి చూస్తున్నాడు. షరతు నిలబెట్టుకున్నావని గానీ, బావుందని గానీ అనలేదు. కోడలి వైపు తిరిగి, "ఆ ఇసుక శౌరమ్మ కావాలన్నదిగా, బండి దగ్గర బురద మీద పోయించుకోమను. మోసేది మాత్రం ఈడు కాదు. ఎవర్నన్నా పిలుచుకోమను" అన్నాడు.

రామతులసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళింది.

నాంచారయ్య ఇంకా చూస్తూనే ఉన్నాడు. కొడుకు ఎడమ మెలి పదోసారో పన్నెండోసారో వేస్తుంటే, ఇక ఆగలేక గోడకు చేర్చి ఉన్న రావమ్మ పీట లాక్కుని ఎడమవైపు కూలబడ్డాడు.

"చెయ్యి తియ్యి."

"అందుతుంది నాన్నా నాకు."

"అందటం వేరు, కనపడటం వేరు. నువ్వు ఆడనుంచి చేత్తో వేస్తన్నావ్. నేనిక్కణ్ణుంచి కంటితో వేస్తా. తియ్యి."

పానకాలు చెయ్యి తీశాడు. నాంచారయ్య ఎడమ నాడె అందుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ అటు కూర్చోలేదేమో, మొదటి మెలి తప్పింది.

"అది సందు నాన్నా," అన్నాడు పానకాలు.

"తెలుసు. మీ అమ్మ ఇంత తిప్పలు పడి వేసేదని ఎప్పుడన్నా చెప్పిందా?" అని విప్పి మళ్ళీ వేశాడు. ఈసారి కుదిరింది. "కాళ్ళు అటు తియ్యరా, పీటకి తగుల్తున్నయ్."

"ఎక్కడికి తియ్యను?"

నాంచారయ్య పీటే కాస్త జరుపుకున్నాడు. మూడు నాడెలు తిరగడం మొదలైంది, ముందు తడబడుతూ, తర్వాత కాస్త కుదురుగా.

"వచ్చే పడుగుకి అంచు ఆకుపచ్చ పెడదాం," అన్నాడు నాంచారయ్య కాసేపటికి.

"ఎరుపు నాన్నా. ఎరుపైతే అమ్ముడుపోతయ్."

"నీకు గుండ్లు తెలుసు, రంగులు తెలుసా?"

"తులసిని అడుగుదాం."

"అడుగు. అది ఆకుపచ్చే అంటది."

రామతులసి బయటనుంచి ఇద్దరికీ కాకుండా పసుపు అంది. తండ్రీ కొడుకులు నాడెలు ఆపకుండానే తలలు అడ్డంగా ఊపారు.